పదానికి పదమే ఆధారమా?

ఒక పదానికి అర్థం చెప్పడమంటే దాని స్థానంలో మరికొన్ని పదాలను ఉంచడమే అయితే, ఆ పదాల అర్థం ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్న నిఘంటుకారుడికీ తార్కికుడికీ సమానంగా ఎదురవుతుంది. భాష వచ్చినవారికోసం కూర్చిన పెద్ద నిఘంటువులలో ఈ ప్రశ్న మరుగున పడి ఉంటుంది కాని, ఇంగ్లీషును పరభాషగా నేర్చుకునేవారికోసం తేలిక మాటలతో రాసిన నిఘంటువులలో దానికి దాగే చోటు దొరకదు. ఢాకాలో విద్యాబోధన రంగంలో పనిచేసిన మైకేల్ వెస్ట్, జేమ్స్ ఎండికాట్‌తో కలిసి 1935లో వెలువరించిన నిఘంటువులో దాదాపు 24,000 పదాలనూ పలుకుబడులనూ కేవలం 1,490 పదాలతో వివరించాడు; 1978లో వచ్చిన లాంగ్‌మన్ నిఘంటువు సుమారు 2,000 పదాలతో అదే పద్ధతిని కొనసాగించింది. వివరణకోసం ముందుగానే ఏరి పెట్టుకున్న ఈ చిన్న సముదాయాన్ని నిర్వచన పదావళి అనవచ్చు.

నిర్వచనం నిర్దుష్టంగా ఉండాలంటే ఏం కావాలో మన న్యాయశాస్త్రం ఎంతో నిశితంగా విచారించింది. లక్ష్యమంతటికీ వర్తించకపోతే అవ్యాప్తి, లక్ష్యాన్ని దాటి ఇతరాలకు కూడా వర్తిస్తే అతివ్యాప్తి, లక్ష్యంలో ఎక్కడా లేకపోతే అసంభవం అని లక్షణానికి మూడు దోషాలను చెప్పి, వాటికి ఆవునే ఉదాహరణగా తీసుకున్నారు: కపిలవర్ణం ఉన్నది ఆవు అంటే తెల్లావు మిగిలిపోతుంది, కొమ్ములున్నది ఆవు అంటే గేదె కూడా వచ్చి చేరుతుంది, ఒంటి గిట్ట ఉన్నది అంటే ఏ ఆవుకూ పట్టదు; కనుక గంగడోలు ఉండటమే ఆవుకు లక్షణమని తేల్చారు. సరళ నిఘంటువుల తరహాలో ఆవును పాలకోసమో మాంసంకోసమో పెంచే పెద్ద జంతువు అని చెబితే, ఆ మాట గేదెకూ సరిపోతుంది, గోశాలలో ఉన్న వట్టిపోయిన ఆవుకు సరిపోదు. అంటే రెండు దోషాలు ఒకేసారి తగులుతాయి. అయినా నైయాయికుడి నిర్వచనం విద్యార్థికి ఉపకరించదు, ఎందుకంటే ఆవు అనే మాటే తెలియనివాడికి గంగడోలు అనే మాట తెలిసి ఉండే అవకాశం ఇంకా తక్కువ. తార్కికుడు ఒక వస్తువును ఇతరాలనుంచి వేరుచేయడానికి లక్షణం చెబుతాడు, నిఘంటుకారుడు తెలిసినదానినుంచి తెలియనిదానికి దారి చూపడానికి చెబుతాడు. కాబట్టి ఒకరి కొలతతో రెండోవారిని తప్పుపట్టడం న్యాయం కాదు.

అసలు చిక్కు దోషాలలో లేదు, ఆధారంలో ఉంది. ఇరవైనాలుగు వేల పదాలు పదిహేనువందలలోపు పదాలమీద నిలిచినప్పుడు, ఆ కొద్ది పదాలు దేనిమీద నిలుస్తాయి? వాటిని వాటితోనే వివరిస్తే, ఒకదానికి రెండవది, రెండవదానికి మొదటిది ఆధారమయ్యే అన్యోన్యాశ్రయ దోషమో, మరికొన్ని పదాల చుట్టూ తిరిగి మొదటికే వచ్చే చక్రక దోషమో తప్పదు. ఎప్పటికప్పుడు కొత్త పదాలను తెస్తూ పోతే అంతులేని అనవస్థ మిగులుతుంది.

పదానికీ అర్థానికీ ఉన్న సంబంధం పిల్లలకు ఎలా తెలుస్తుందో విచారించిన మీమాంసకులు ఈ వలయంనుంచి బయటపడే దారిని చూపారు. ఒక పెద్ద ఇంకొకరితో ఆవును తీసుకురమ్మంటాడు, అతడు ఆవును తెస్తాడు. తరువాత ఆవును కట్టివేయమంటాడు, గుర్రాన్ని తీసుకురమ్మంటాడు. పక్కనే ఉండి ఇదంతా గమనిస్తున్న బాలుడు ఏ మాట మారితే ఏ పని మారిందో పోల్చుకుని, ఒక్కొక్క పదం అర్థాన్ని విడదీసుకుంటాడు. దీనికి వృద్ధవ్యవహారమని పేరు. మీమాంసకులలోనే, పదాలు ముందుగా తమతమ అర్థాలను చెప్పి ఆ తరువాత వాక్యంలో కలుస్తాయని కుమారిలభట్టు మతం కాగా, కలిసిన అర్థాన్నే పదాలు చెబుతాయని, విడిగా చెప్పవని ప్రభాకరుడి మతం. జాన్ సింక్లెయిర్ ఆధ్వర్యంలో 1987లో వెలువడిన కోబిల్డ్ నిఘంటువు ప్రతి పదాన్నీ ఒక పూర్తి వాక్యంలో పెట్టి వివరించడానికి పూనుకున్నప్పుడు, తెలియకుండానే అది ప్రభాకరుడి పక్షాన నిలిచింది. ఈ రెండింటిలో నేర్చుకునేవాడి అనుభవానికి ప్రభాకరుడి మాటే దగ్గరగా ఉందని ఒప్పుకోక తప్పదు.

అయితే ఆవును తోలుకురమ్మనవచ్చు, ఎరుపును చూపించవచ్చు. దేవుడు అనే పదం దగ్గర ఈ ఉపాయం ఎంతవరకు సాగుతుందన్నది కష్టమైన ప్రశ్న. ఇంగ్లీషు సరళ నిఘంటువులు ఇక్కడ రెండు జాగ్రత్తలు తీసుకుంటాయి. క్రైస్తవ, ఇస్లాం, యూదు మతాలవారు ఆరాధించే ఏకైక దైవానికి పెద్ద అక్షరంతోనూ, ఇతర మతాల దేవతలకు చిన్న అక్షరంతోనూ వేర్వేరు అర్థాలిస్తాయి. లోకాన్ని సృష్టించాడు అనకుండా, సృష్టించాడని నమ్ముతారు అంటాయి. పెద్ద అక్షరమే లేని తెలుగు లిపిలో చర్చిలో వినిపించే దేవుడూ గుడిలో వినిపించే దేవుడూ ఒకే మాట. ఆ విభజనను తెలుగు విద్యార్థి కొత్తగా నేర్చుకోవలసి వస్తుంది. రెండవ జాగ్రత్త నిజాయితీగలదే, ఏ మతాన్నీ నొప్పించనిదే. కాని నమ్ముతారు అన్న మాట బయట నిలబడి చూసేవాడిది. తెలుగింట పసివాడికి ఈ పదం దేవుడికి దణ్ణం పెట్టమన్న విధివాక్యంలోనే మొదట వినిపిస్తుంది, ఎదుటివారు చేతులు జోడించడం చూసి తానూ చేతులు జోడిస్తాడు. దేవుడు ఎవరన్న ప్రశ్న అతడిలో పుట్టేనాటికి ఆ పదాన్ని వాడటం అతడికి ఎప్పుడో వచ్చేసి ఉంటుంది.