బిడ్డను పెంచడం పని కాదా?

బ్రిటన్‌లో యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ భృతి అందుకునే కుటుంబంలో, చిన్నబిడ్డకు మూడేళ్లు వచ్చాక ఆ బిడ్డను ప్రధానంగా చూసుకునేవారు వారానికి 30 గంటల దాకా ఉద్యోగం చేయాలి, లేదా వెతుక్కోవాలి. 2008 దాకా ఒంటరి తల్లికి చిన్నబిడ్డ పదహారేళ్లవాడయ్యేవరకూ ఈ షరతు లేదు. ఆ ఏడాది నవంబరులో ఆ వయసును 12కు దించారు. తర్వాత 10, 7, 5. 2017 నాటికి 3. పదేళ్లు తిరక్కుండానే ఇంత మార్పు రావడానికి మూలం ఒక తాత్విక ప్రశ్నకు ప్రభుత్వం చెప్పుకున్న జవాబు: కన్నబిడ్డను పెంచడం సమాజానికి చేసే పని కాదు.

ఈ జవాబును తేలిగ్గా కొట్టిపారేయలేం. తెల్లవారకముందే రెండేళ్ల బిడ్డను నర్సరీలో దించి, దుకాణంలో బిల్లులు వేసే తల్లి కూడా పన్ను కడుతోంది. తన పన్నుతో మరొకరు ఇంట్లో ఉండడం న్యాయమేనా అని ఆమె అడిగితే సమాధానం చెప్పాలి. పదిమంది శ్రమలో వాటా తీసుకునేవారు తమ వంతు కలపాలన్న పరస్పర ధర్మమే ఆ ప్రశ్నకు ఆధారం. అయితే ఆ ధర్మాన్ని గట్టిగా సమర్థించిన స్టూవర్ట్ వైట్ కూడా 'ది సివిక్ మినిమమ్' (2003)లో సంరక్షణను ఆ వంతులో భాగంగానే లెక్కించాడు. కాబట్టి ధర్మంలో చిక్కు లేదు, లెక్కలో ఉంది.

ఆ లెక్క ఎంత వింతైనదో 2009లో ఇంగ్లండ్‌లో బయటపడింది. ఇద్దరు మహిళా పోలీసులు ఒకే ఉద్యోగాన్ని పంచుకుని, ఒకరు డ్యూటీలో ఉన్నప్పుడు ఆమె బిడ్డను రెండోవారు చూసుకునేవారు. ఒకరికొకరు చేసుకునే సాయం ప్రతిఫలమే కనుక, ఇది రిజిస్ట్రేషన్ లేని చైల్డ్‌మైండింగ్, అంటే ప్రతిఫలానికి పరుల పిల్లల్ని చూసుకునే వృత్తి, అని పిల్లల సంరక్షణను తనిఖీ చేసే సంస్థ తేల్చింది. స్నేహితుల మధ్య ఇలాంటి ఏర్పాటుకు తర్వాత మినహాయింపు ఇచ్చారు. అయినా తర్కం మిగిలిపోయింది: పక్కింటి బిడ్డకు అన్నం పెడితే వృత్తి, సొంత బిడ్డకు పెడితే ఖాళీగా ఉండడం. పెట్టిన ముద్ద, తుడిచిన మూతి, నిద్రపుచ్చిన గంట రెండుచోట్లా ఒక్కటే.

అమెరికా తత్వవేత్త ఈవా కిట్టే 'లవ్స్ లేబర్' (1999)లో వేరే దారి చూపింది. పురుడు పోసుకున్న తల్లి బిడ్డను చూసుకుంటుంది, ఆ తల్లిని చూసుకోవడానికి ఇంకొకరు కావాలి. బాలింతను పుట్టింటివాళ్లు కూర్చోబెట్టి పథ్యం పెట్టే ఇళ్లలో ఈ మాట కొత్తది కాదు. కిట్టే ఆ బాధ్యతను కుటుంబం నుంచి సమాజం మొత్తానికి విస్తరించింది.

తల్లి పనికి వెళ్లాలంటే బిడ్డను ఎవరో చూసుకోవాలి కదా, అందుకు ప్రభుత్వం ఇచ్చేది ఉచిత సంరక్షణ. 2025 సెప్టెంబరు నుంచి ఇంగ్లండ్‌లో తొమ్మిది నెలల బిడ్డ మొదలు బడి వయసు దాకా ఏడాదికి 38 వారాలు, వారానికి 30 గంటలు ఉచితం. కానీ అది ఉద్యోగం ఉన్నవారికే; తల్లిదండ్రుల్లో ప్రతి ఒక్కరూ కనీస వేతనంతో 16 గంటలకు వచ్చేంత సంపాదించాలి. ఉద్యోగం వెతుక్కుంటున్న తల్లి మూడేళ్ల బిడ్డకు అందరికీ ఇచ్చే 15 గంటలే దక్కుతాయి. ఉద్యోగం దొరికినా అదనపు గంటలు సాధారణంగా తర్వాతి టర్మ్ నుంచే మొదలవుతాయి. భృతి షరతులను చూసే జాబ్‌సెంటర్ అధికారి ఆమె చేయాల్సిన పని గంటలను తగ్గించవచ్చు, కానీ అది ఆ అధికారి విచక్షణ.

ఇచ్చేది 15 గంటలు, అడిగేది 30. ఇంట్లో చేసే సంరక్షణను వంతుగా లెక్కించని ప్రభుత్వం, ఆ సంరక్షణకు పూర్తి ప్రత్యామ్నాయం కూడా ఇవ్వకుండా తల్లిని పనికి రమ్మనడం అన్యాయం.