అలవాటైన చప్పుడు

మా ఫ్లష్ టాంకు నెల్లాళ్లుగా సన్నగా కారుతూనే ఉంది. ఆ చప్పుడు మా చెవులకు అలవాటైపోయింది. మొన్న పనిమనిషి చీపురు పట్టుకుని నిలబడి, "రాత్రంతా ఇట్టాగే పోతాయా అమ్మగారూ?" అంది. రెండు బిందెల నీళ్ల కోసం ఆవిడ తెల్లవారుజామునే కుళాయి దగ్గర నిలబడాలి. నాకు సిగ్గేసింది.

టాంకులో కాస్త నీలిమందు కలిపి, ఫ్లష్ చేయకుండా పావుగంట ఆగాను. కమోడులోకి నీలం దిగింది. అంటే అడుగున రబ్బరు బిళ్ల అరిగిందన్నమాట. అలాకాక, నీళ్లు లోపలి నిలువు గొట్టంలోకి పొర్లుతుంటే, తేలే బంతిని కాస్త దించితే సరి.

బిళ్ల మార్చడానికి అరగంట పట్టలేదు. మరి నెల్లాళ్లెందుకు ఊరుకున్నాను? చేతులారా ఒలకబోస్తే పాపమంటాం. వింటూ ఊరుకుంటే?

ఇప్పుడు ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఇంకా ఏ చప్పుళ్లకు అలవాటు పడిపోయానో అని చెవులు రిక్కించి వింటున్నాను.