మందు ఉందన్న ధీమా

భాగవతం ఆరో స్కంధంలో పరీక్షిత్తు శుకుణ్ణి ఇరుకున పెట్టే ప్రశ్న ఒకటి అడుగుతాడు. పాపం చేసి, ప్రాయశ్చిత్తం చేసుకుని, మళ్లీ ఆ పాపమే చేసేవాడిది ఏనుగు స్నానం కాదా అని. గట్టెక్కగానే ఒంటి మీద దుమ్ము చల్లుకుంటుంది కదా ఏనుగు. తెనాలిలో ఆయుర్వేదం చేసుకునే నాకు ఈ ప్రశ్న పురాణ కాలక్షేపంలో కంటే కన్సల్టింగ్ గదిలోనే ఎక్కువగా ఎదురవుతోంది, జిమ్ కుర్రాళ్ల పుణ్యమా అని.

ఒకడు బల్ల మీద చిన్న సీసా పెట్టాడు. నాండ్రోలోన్ అనే కండలు పెంచే స్టెరాయిడ్, వేరుశనగ నూనెలో కలిపిన ఇంజెక్షన్. (నూనె మొక్కదేనని సంతోషించాలి కాబోలు.) "సూదుల సైకిల్ మధ్యలో ఉన్నా మేడమ్, ఇప్పుడు ఆపలేను. పెన్నేరుగడ్డ, దూలగొండి కలిపి ఇస్తే రేపు పిల్లలకి ఇబ్బంది ఉండదు కదా? ఎలుకల మీద పనిచేసిందట."

ఎలుకల మాట అబద్ధం కాదు. నాండ్రోలోన్ ఎక్కించిన ఎలుకలకు మొక్కల సారాలు ఇచ్చి చూశారు. వృషణాల్లో ఆక్సీకరణ నష్టం కొంత తగ్గిన ప్రయోగాలున్నాయి. కానీ అసలు దెబ్బ పైన, మెదడు దగ్గర. బయటి హార్మోను దండిగా వస్తుంటే పిట్యూటరీ గ్రంథి వృషణాలను నడిపే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లను పంపడం తగ్గించేస్తుంది. వృషణం చేతులెత్తేస్తుంది. ఇదెంత ఖాయమంటే, వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్‌ను మగవాళ్లకు గర్భనిరోధకంగా ప్రపంచ ఆరోగ్య సంస్థే పరీక్షించి 1990లో ఫలితాలు ప్రకటించింది. సూది నడుస్తుండగా దాన్ని తిప్పికొట్టే వేరు నా మందుల అరల్లో లేదు.

ఉంటే ఇచ్చేదాన్నా? చరకుడు రోగకారణాల్లో ప్రజ్ఞాపరాధాన్ని లెక్కపెట్టాడు: బుద్ధి, నిగ్రహం, స్మృతి గాడి తప్పినప్పుడు చేసే పని. పది నామాపరాధాలు చెప్పే వైష్ణవులు ఇంకా సూటిగా పట్టుకున్నారు. హరినామం ఉంది కదా అన్న ధీమాతో పాపానికి దిగడం అందులో ఒకటి. నామానికి శక్తి లేదని కాదు వాళ్ల మాట. ఆ శక్తిని ముందే ఖర్చు రాసుకోవడం మీదే కోపం. శుకుడైతే పరీక్షిత్తుకు వైద్యుడిలా జవాబిస్తాడు, పథ్యం పాటించేవాడి జోలికి రోగాలు రావంటూ.

అదే కిడ్నీ జబ్బుకు డాక్టరు రాసిన స్టెరాయిడ్ మింగేవాడు (అది వేరే జాతి మందు) దాని దుష్ఫలితాల నుంచి రక్షణ అడిగితే అందులో అపరాధమేముంది? చేతనైనంత చేస్తాను.

ఈ కుర్రాడికి మాత్రం పొట్లం కట్టలేదు. ఇవ్వకపోతే ఆన్‌లైన్‌లో కొంటాడని తెలుసు. నా చేత్తో ఇస్తే మాత్రం వాడికది అనుమతి పత్రమే. వీర్యపరీక్ష రాసి, సూది ఎలా మానాలో చెప్పించుకోమని ఎండోక్రినాలజిస్టుకు చీటీ ఇచ్చాను. ఒక బీజకణం తయారవడానికే రెండున్నర నెలలు, పూర్తిగా కోలుకోవడానికి కొందరికి ఏడాది దాటుతుందని చెప్పాను.

ఇంట్లో సంబంధాలు చూస్తున్నారట. "అమ్మాయికి చెప్పాలా మేడమ్?" అన్నాడు లేస్తూ. రిపోర్టు రాగానే ఆ అమ్మాయికే చెప్పు, మధ్యవర్తితో కబురు పెట్టకు అన్నాను.