మధ్య సీటు బెల్టు

"అత్తా, చిన్న కారుకు పదకొండు లక్షలెందుకు? అదే డబ్బుకు పెద్ద బండి వస్తుంది. చూసేవాళ్లకు కూడా నిండుగా ఉంటుంది" అన్నాడు మా మేనల్లుడు.

వాడు డబ్బు లెక్కే చెప్పాడు గానీ నాకది ధర్మసందేహంగా తోచింది. చిన్నది చాలనుకునే మనిషి చవకదే కొనుక్కోవాలా? మేలైనది కావాలంటే అది ఆశ అవుతుందా? దాంతోపాటు కాస్త పరువు కూడా కోరుకుంటే దంభమవుతుందా? బ్యాంకులో చాలాకాలం వాహన రుణాల కాగితాలు చూసినదాన్ని. ఒక్క కొటేషన్‌లో మూడు కోరికలు కలిసి ఉంటాయి: అవసరం, నాణ్యత, హోదా. అడుగున వేసే మొత్తం ఒక్కటే కాబట్టి దేనికి ఎంత కడుతున్నామో మనకు తెలియదు. వాటిని విడదీసి చూడటమే ఇక్కడ వివేకం.

ముందు అవసరం సంగతి. మాది రాజమండ్రి దానవాయిపేటలో ఒక సందు. ఎదురుగా ఆటో వచ్చిందంటే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాల్సిందే. ఇంట్లో ఉండేది ఇద్దరం. ఆయనకు మోకాళ్ల నొప్పులు, సీటు మరీ కిందికి ఉంటే లేవలేరు. ఆసుపత్రికి, బజారుకి, ఏడాదికోసారి అన్నవరానికి, అప్పుడప్పుడు హైదరాబాదులో అమ్మాయి దగ్గరికి వెళ్లడానికి నాలుగు మీటర్ల లోపు బండి ధారాళంగా సరిపోతుంది.

నాలుగు మీటర్లన్నది సర్కారు గీసిన గీత. 2006 బడ్జెట్‌లో చిన్న కార్లకు ఎక్సైజు సుంకం తగ్గించినప్పుడు పొడవు నాలుగు మీటర్లు దాటకూడదనీ, ఇంజన్ పెట్రోలుదైతే 1200 సీసీ, డీజిలుదైతే 1500 సీసీ మించకూడదనీ కేంద్రం హద్దు పెట్టింది. 2025 సెప్టెంబరు 22 నుంచి పెట్రోలు, డీజిలు కార్లలో ఆ హద్దుకు లోబడినవాటికి జీఎస్టీ 18 శాతం, దాటినవాటికి 40 శాతం. అందుకే మన రోడ్ల మీద సరిగ్గా 3,995 మిల్లీమీటర్ల పొడవున్న కార్లు అన్ని కనిపిస్తాయి. అయిదు మిల్లీమీటర్లు ఇవతల ఆగి, బానెట్ ఎత్తుగా, ముఖం వెడల్పుగా పెట్టుకుని పెద్ద బండిలా కనబడాలని చూస్తాయి. ఇంకెవరో గీసిన గీత దగ్గర మనుషులం కూడా ఇంతే, అంచు దాకా వెళ్లి నిలబడతాం.

మనకు మనం గీసుకున్న గీత దగ్గర అలా జరగదు. జైన గృహస్థుల అయిదు అణువ్రతాల్లో చివరిది పరిగ్రహ పరిమాణం. సన్యాసిలాగా అన్నీ వదిలేయమని ఆ వ్రతం గృహస్థును అడగదు. పొలం, ఇల్లు, బంగారం, ధాన్యం ఏది ఎంతవరకో నువ్వే ముందుగా నిశ్చయించుకో, తర్వాత చేతికి ఎంత వచ్చినా ఆ హద్దు జరపకు అంటుంది. సంసారుల కోసం ఇంతకన్నా గౌరవంగా ఆలోచించిన నియమం నాకు తెలియదు. కొలత మనదే, ఇచ్చుకున్న మాటా మనదే. ఆ హద్దు ఇంటి దగ్గరే పెట్టుకోవాలి. షోరూములో కూర్చున్నాక పెట్టుకునేది నిలవదు. పై వేరియంట్‌కు ఇరవై వేలే తేడా, నెలకు నాలుగు వందలే అంటూ అది జరిగిపోతూనే ఉంటుంది.

చిన్నది తక్కువది కాదు. 1956లో సూయజ్ సంక్షోభం వచ్చి బ్రిటన్‌లో పెట్రోలుకు కరువు ఏర్పడింది. ఆ రోజుల్లో ఇంజనీరు అలెక్ ఇసిగోనిస్ రూపకల్పన చేసిన మినీ కారు 1959లో రోడ్డెక్కింది. పొడవు మూడు మీటర్ల పైచిలుకు మాత్రమే. ఇంజన్‌ను అడ్డంగా పెట్టి, ముందు చక్రాలను తిప్పేలా చేసి, మిగిలిన చోటంతా మనుషులకు వదిలాడాయన. మామూలు ఉద్యోగులూ సినిమా తారలూ అదే కారు నడిపారు. మన తిరుమలలోనూ అంతే. బ్రహ్మోత్సవాల మొదటి రాత్రి స్వామి ఏడు పడగల పెద్దశేష వాహనం మీద ఊరేగుతాడు. మర్నాడు ఉదయం అయిదు పడగల చిన్నశేషుడి మీద వస్తాడు. ఆ పొద్దున మాడవీధుల్లో నిలబడిన భక్తుల్లో ఒక్కరికైనా స్వామి వైభవం తగ్గిందనిపిస్తుందా? వాహనానికి మహిమ ఎక్కినవాడి వల్లే వస్తుంది.

ఇక నాణ్యత. నిరాడంబరంగా బతకడమంటే నాసిరకంతో సరిపెట్టుకోవడమని మనలో చాలామంది నమ్ముతారు. నేను ఒప్పుకోను. పొందూరు ఖద్దరునే తీసుకోండి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి, అతి సన్నని నూలు వడుకుతారు. అందులో ఆడంబరం ఇసుమంతైనా లేదు, శ్రద్ధలో లోటూ లేదు. నాకు కావలసిన చిన్న కారు ఆ రకం.

ఈ శ్రద్ధ లేకపోతే ఏమవుతుందో మన దేశం చూసింది. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఇక్కడ అమ్ముడవుతున్న అయిదు చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి పరీక్షిస్తే, పెద్దల రక్షణలో అయిదింటికీ సున్నా నక్షత్రాలే వచ్చాయి. వాటిలో ఎయిర్‌బ్యాగులే లేవు. చిన్న కారు కొనుక్కున్నవాడి ప్రాణం కూడా చిన్నదేనని ఎవరో తీర్మానించినట్టుగా ఉంది ఆ ఫలితం. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ కింద ఇక్కడే పరీక్షలు జరుగుతున్నాయి. నాలుగు మీటర్ల లోపు బళ్లలోనూ అయిదు నక్షత్రాలవి ఇప్పుడు దొరుకుతున్నాయి. రుణం కోసం వచ్చినవాళ్లు ఎయిర్‌బ్యాగులు తక్కువున్న వేరియంట్ తీసుకుని, మిగిలిన డబ్బుతో అల్లాయ్ చక్రాలు, క్రోమ్ పట్టీలు వేయించుకోవడం చూసి నా మనసు చివుక్కుమనేది. కనిపించేదానికి ఖర్చుపెట్టి, కాపాడేదాని దగ్గర చేయి బిగించేవారు.

ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రం ఈ జగమంతా ఈశ్వరుడిదేనని చెప్పి, త్యాగబుద్ధితో అనుభవించమంటుంది. అనుభవించవద్దని అనదు. చేతిలో ఉన్నది మన సొత్తు కాదని తెలిసిన మనిషి దాన్ని ఇంకా జాగ్రత్తగా ఎంచుకుంటాడు, ఇంకా ఎక్కువకాలం వాడుకుంటాడు. ఈ ఒళ్లు కూడా మనకు అప్పగించిందే. దాన్ని కాపాడే ఉక్కుకు, బిగువైన బ్రేకుకు, నడుముకు ఆసరా ఇచ్చే సీటుకు ఎక్కువ కట్టడం ఆశ కాదు. తలుపు వేసినప్పుడు వినబడే నిండైన చప్పుడును, కంటికి నచ్చిన నీలం రంగును ఇష్టపడటంలోనూ నాకు దోషం కనబడదు. ఎవరూ చూడకపోయినా ఆ ఆనందం ఉంటుంది.

అన్నిటికన్నా కష్టం పరువు సంగతి. వానలో స్కూటరు మీద తడుస్తూ వెళ్తున్న కుటుంబాన్ని చూసి రతన్ టాటాకు నానో ఆలోచన వచ్చింది. 2008లో ప్రపంచానికి చూపించారు, 2009లో లక్ష రూపాయల ధరతో అమ్మకానికి తెచ్చారు. 2018లో తయారీ ఆగిపోయింది. అన్నిటికన్నా చవక కారు అన్న ముద్రే దానికి చేటు చేసిందని తర్వాత ఆయనే అన్నారు. ఆ కుటుంబానికి వాన నుంచి రక్షణ ఒక్కటే చాలలేదు, తలెత్తుకుని దిగగలిగే బండి కావాలనుకుంది. దీన్ని వట్టి డాబు అని కొట్టిపారేయలేను. కానీ జ్ఞానమంటే ఏమిటో చెబుతూ భగవద్గీత పదమూడో అధ్యాయం మొట్టమొదట పేర్కొన్నవి అమానిత్వం, అదంభిత్వం. గౌరవాన్ని కోరకపోవడం, ప్రదర్శించుకోకపోవడం. మరి ఆ కుటుంబం కోరుకున్నది తప్పా?

దీనికి జవాబు నాకు అంబేడ్కర్ జీవితంలో దొరికింది. 1929లో బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీ సభ్యుడిగా ఆయన చాళీస్‌గావ్‌లో రైలు దిగారు. అంటరానివాడని ఆయన్ని మహర్ల వాడకు తీసుకెళ్లడానికి టాంగావాలాలు ఒప్పుకోలేదు. తమ అతిథి కాలినడకన రావడం వాడవాళ్లకు సమ్మతం కాలేదు. టాంగా మాత్రం అద్దెకు తీసుకుని, తోలడం రాని తమ మనిషి చేతికి పగ్గాలిచ్చారు. కల్వర్టు దగ్గర టాంగా అదుపు తప్పింది. అంబేడ్కర్ కింద పడ్డారు, కాలు విరిగింది. తన గౌరవం నిలపడం కోసం ఆ మనుషులు తన ప్రాణాన్నే ప్రమాదంలో పెట్టారని 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయన రాశారు. బారిస్టరు చదివిన అంటరానివాడి కన్నా కూడా తానే పై మెట్టు మీద ఉన్నానని టాంగావాలా అనుకోగలిగాడని కూడా రాశారు.

వాడవాళ్లూ, టాంగావాలా కూడా పట్టుబట్టింది గౌరవం కోసమే. కానీ మా మనిషి ఎవరికీ తీసిపోడని వాడవాళ్లు అనుకున్నారు. నాకు కింద ఒకడుండాలని టాంగావాలా అనుకున్నాడు. మొదటి గౌరవం ఊరంతా పంచుకున్నా తరగదు. రెండోది ఇంకొకరిని తగ్గిస్తే తప్ప నిలవదు. భగవద్గీత వదులుకోమన్నది ఈ రెండోదాన్నేనని నా నమ్మకం. ఒకప్పుడు తాతలు కులం పేరుతో చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని దాటాల్సివచ్చిన వీధిలో, ఆ తాతల మనవడు మెరిసే కారు నడిపితే దాన్ని దంభమని నేను అనను. హారన్ మోగిస్తూ కూరగాయల బండివాణ్ని కాలవ అంచుకు తోసేస్తే మాత్రం అంటాను, ఆ కారు ఎవరిదైనా సరే.

అందుకే కారు చూడటానికి వెళ్లినప్పుడు నేను మొదట వెనక సీటు మధ్యలో కూర్చుంటున్నాను. మన కార్లలో ఆ చోటు ఎవరికి మిగులుతుందో అందరికీ తెలుసు: ఇంట్లో పనిచేసే మనిషికి, లేని ఇంటి నుంచి వచ్చిన చుట్టానికి, అందరికన్నా చిన్నవాళ్లకు. మన బళ్లలో చాలాకాలం ఆ సీటుకు నడుం పట్టీ ఒక్కటే ఉండేది. భుజం మీదుగా వచ్చే మూడు పాయింట్ల బెల్టు అటూ ఇటూ కూర్చున్నవాళ్లకే. గుద్దుకున్నప్పుడు ఆ దెబ్బ ఎవరి అంతస్తూ చూడదు. బెల్టు మాత్రం చూసింది. ఇప్పటికీ అడిగి, లాగి, పెట్టుకుని చూడాల్సిందే. తల వెనక దిండు ఉందో లేదో కూడా చూడాలి.

మా ఇంట్లో వంట చేసే ఆవిడ మాతో అన్నవరం వస్తుంది. కొత్త బళ్లకు పూజ చేయించే తొలిపావంచా దగ్గర మేమూ ఆగుతాం. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి అందరూ క్షేమంగా తిరగాలని మొక్కుకుంటాం. అలా మొక్కుకుని ఆవిడకు నడుం పట్టీ, నాకు పూర్తి బెల్టు ఉన్న బండి ఎక్కితే ఆ మొక్కుకు అర్థం లేదు. కారులో అందరికన్నా తక్కువ మర్యాద దొరికే మనిషికి ఏం దక్కుతుందో అదే నా లెక్కలో దాని నాణ్యత, దాని పరువు కూడా. అది సరిగ్గా ఉన్న చిన్న కారుకు పదకొండు లక్షలూ సంతోషంగా కడతాను. అది లేని బండి ఎంత పెద్దదైనా నాకు వద్దు.