గృహస్థుని వ్యయనియమము

ఉగాదినాడు పంచాంగశ్రవణమునకు కూర్చున్న తెలుగువాడు దేశకాలఫలములను ఎంత పరధ్యానముగా విన్నను, తన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని సిద్ధాంతి చదువునప్పుడు మాత్రము చెవి నిక్కించి వినును. సంవత్సరమునందలి మనుష్యుని గతిని నాలుగంకెలలో చెప్పవలసివచ్చినప్పుడు అందు రెండంకెలను ధనమునకే విడిచిన సంప్రదాయము ధనమును తుచ్ఛముగా తలచినది కాదు. అయినను వ్యయమనునది గ్రహముల వశమే కాని తమ వశము కాదన్నట్లు పెక్కురు ఆ అంకెలను విని ఇండ్లకు పోవుదురు. రాబోవు నెలకు ఇంత ఖర్చు అని ముందుగా నిర్ణయించుకొని దానికి కట్టుబడియుండుట వట్టి లెక్కల పని యనియు, ఆత్మకు దానితో ప్రమేయము లేదనియు మనలో నాటుకొనిన అభిప్రాయమును నేను అంగీకరింపజాలను. అది గృహస్థునకు విధింపబడిన సత్యవ్రతములలో ఒకటి యని నా విశ్వాసము.

భాగవతము అష్టమస్కంధమున, వామనుడు మూడడుగుల నేల యడిగిన సందర్భములో, శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చేసిన హితోపదేశమును మనము సాధారణముగా దుర్బోధయనియే చెప్పుకొందుము. కాని ధర్మమునకు, యశస్సునకు, అర్థవృద్ధికి, కామమునకు, స్వజనమునకు అని తన విత్తమును ఐదు భాగములుగా పంచుకొనినవాడు ఇహపరములు రెంటను సుఖించునని ఆయన ఆ సందర్భముననే చెప్పెను. జీవికను చెరచు దానమును పెద్దలు మెచ్చరనియు చెప్పెను. ఈ మాటలలో దోషము వెదకుట కష్టము. దోషమంతయు అవి చెప్పిన వేళలో ఉన్నది. కోరినది ఇచ్చెదనని బలి అప్పటికే పలికి, ధారపోయుటకు జలపాత్రను చేత బట్టియుండెను. మాట వెలువడిన పిమ్మట విభాగమును బోధింపబూనిన గురువు, జీవికకును ప్రాణమునకును సంకటము వాటిల్లినప్పుడు అసత్యము నింద్యము కాదనువరకు దిగవలసివచ్చెను. శిష్యుడు దానికి సమ్మతింపక, శాపమునకు గురియై, రాజ్యము పోగొట్టుకొని, మాట నిలుపుకొనెను.

ఈ ఘట్టమునందు గురుశిష్యులిరువురును మనకు కావలసినవారే యని నాకు తోచుచున్నది. కోరిక ఇంకను కన్నులయెదుటికి రాని వేళ, చిత్తము నిర్మలముగా నున్నప్పుడు, శుక్రుని ఉపదేశమును విని ధనమును విభజించుకొనవలెను. విభజించుకొనిన పిమ్మట, తప్పించుకొనుటకు ఎంతటి యుక్తి దొరకినను, బలివలె నిలువవలెను. తనకు తాను ఇచ్చుకొనిన మాటకు సాక్షి యుండడు, తప్పినచో అడుగువాడుండడు. కనుకనే దానిని నిలుపుకొనుట కష్టము, కనుకనే అది వ్రతము.

తెలియుటకును నిలుచుటకును నడుమ నున్న దూరమును భారతము సభాపర్వము చూపినట్లు మరి యేదియు చూపలేదు. మయసభకు వచ్చిన నారదుడు ధర్మరాజును కుశలమడుగుచు, నీ వ్యయము ఆదాయములో నాలుగవ పాలుతోనో, సగముతోనో, ముప్పాతికతోనో తీరుచున్నదా యని ప్రశ్నించెను. మహర్షి రాజును అడుగదగిన ప్రశ్నలలో ఇదియు నొకటి యగుట గమనింపదగినది. రాజధర్మము నెరిగిన ఆ ధర్మరాజే, ఆ పర్వముననే, పాచికల పలకయెదుట కోశమును, రాజ్యమును, తమ్ములను, తన్ను, తుదకు ద్రౌపదిని ఒడ్డెను. ఆనాడు ఆయనకు కొరవడినది జ్ఞానము కాదు; ఇంతకు మించి ఒడ్డనని ముందుగా గీచుకొనిన గీత.

మన కాలమున ఆ గీత చెరగిపోవుటకు జూదమో మద్యమో అక్కరలేదు. మితముగా తిని, మోటుబట్ట కట్టి, పిల్లల చదువుకై పైసా పైసా కూడబెట్టిన గుమాస్తా, కూతురి పెండ్లిలో నలుగురు ఏమనుకొందురో యను ఒక్క భయమునకు లొంగి, పదేండ్ల సంపాదనను మూడు దినములలో వెచ్చించి, మిగిలిన పదేండ్లను వడ్డీకి తాకట్టుపెట్టుచున్నాడు. విడిదియిల్లు, మేళతాళములు, లాంఛనములు, బంధువులకు పెట్టుబట్టలు, ఇవి యన్నియు దుర్వ్యసనములని ఎవరనగలరు? స్వజనమునకును యశస్సునకును చెరియొక భాగమును శుక్రుడే విధించెను గదా! విధించినది ఒక్కొక్క భాగమే. యశస్సు తక్కిన నాలిగింటిని కబళించుటకు ఆయన అనుమతి లేదు. పొరుగువాని పెండ్లిపందిరిని కొలతగా పెట్టుకొని తన పందిరి వేయించుకొనువాడు తన ధనమునకు పొరుగువానిని యజమానిని చేయుచున్నాడు. ఆ దాస్యమును మర్యాద యని పిలుచుచున్నంతకాలము మన ఇండ్లకు శాంతి లేదు.

రేపటికై నేడు లెక్కలు వేయుట భగవంతునియందు అవిశ్వాసము కాదా యని భక్తులు అడుగుదురు. ప్రశ్న గంభీరమైనది. మనుస్మృతి చతుర్థాధ్యాయమున గాదె నిండ ధాన్యము గలవానిని, కుండెడు గలవానిని, మూడు దినములకు సరిపడ గలవానిని, రేపటికి ఏమియు ఉంచుకొనని అశ్వస్తనికుని వరుసగా చెప్పి, మొదట చెప్పినవాని కంటె తరువాత చెప్పినవాడే అధికుడని నిర్ణయించినది. అశ్వస్తనికునకు నేను నమస్కరింతును. కాని ఆయన రేపటికి దాచడు, రేపటినుండి తీసికొనడు కూడ. వాయిదాల మీద వస్తువులు తెచ్చి, రాబోవు జీతమును నేడే అనుభవించి, దైవమే చూచుకొనునని యనువాడు ఆయనకు సరిగా వ్యతిరేకదిశలో నడచుచున్నాడు; అతనిది వైరాగ్యము కాదు, తన భార్యాబిడ్డల రేపటిని వారి నడుగక హరించుట.

బుద్ధదేవుడు సింగాలుడను గృహపతిపుత్రునకు బోధించినప్పుడు, ధనమున నాలుగవ పాలు అనుభవమునకు, రెండు పాళ్లు వృత్తివ్యాపారములకు, తక్కినది ఆపదలకు అని నిర్దేశించెను. అనుభవమునకు పాతికయే! భాగముల కొలత కాలమునుబట్టియు కుటుంబమునుబట్టియు మారుగాక. నెలంతయు అద్దెకును వెచ్చములకును చాలని జీతము గలవానికి శుక్రుని ఐదు భాగములు చెప్పుట క్రూరమని నేనెరుగుదును. అట్టివానికి ఆదాయము పెరుగవలెను. అది సంఘము తీర్పవలసిన ఋణము. ఎంతో కొంత మిగులగలవారినే నేనిక్కడ అర్థించుచున్నాను. జీతము వచ్చిన రాత్రి, బజారునకు పోకముందు, దంపతులిరువురును కూర్చుండి ఒక పుస్తకమున ఈ ఐదు పద్దులును వ్రాయుడు. ధర్మమునకు మొదటి పంక్తి విడువుడు, అది రూపాయియే యైనను సరే. పెండ్లీడు పిల్లలున్నచో పెండ్లికి ఎంతయో సంబంధము వెదకక మునుపే వ్రాసి, ఆ అంకెను వియ్యాలవారికి మొదటి మాటగా చెప్పుడు.