ప్రతిభకు తూనిక కలదా?

మానవుడు తన చుట్టునున్న వస్తువులను కొలుచుట నేర్చినాడు. పొలమునకు గొలుసును, ధాన్యమునకు కుంచమును, బంగారమునకు త్రాసును కల్పించుకొన్నాడు. ఆ అలవాటే క్రమముగా బుద్ధిని కొలుచు ప్రయత్నమునకు దారితీసినది. జ్ఞాపకశక్తికి, లెక్కలలోని నేర్పునకు మార్కులు వేయుట కొంతవరకు సులభము. అచ్చట సరియైన సమాధానము ముందుగనే తెలిసియుండును. సృజనశక్తి యనగా ఇంతవరకు లేనిదానిని కల్పించు శక్తి. ఎవరికిని ముందుగా తెలియని దానిని ఏ కొలతతో కొలువవలెను?

1950లో జె. పి. గిల్ఫర్డ్ అను మనస్తత్త్వవేత్త, అమెరికా మనస్తత్త్వ సంఘమున అధ్యక్షోపన్యాస మొసగుచు, పరిశోధకులు సృజనశక్తిని ఉపేక్షించుచున్నారని హెచ్చరించెను. అటు పిమ్మట దానిని కొలుచు పరీక్షలు పెక్కు బయలుదేరెను. ఒక ఇటుకను ఎన్ని విధముల ఉపయోగింపవచ్చునో చెప్పుమనుట వానిలో ప్రసిద్ధమైనది. 1966లో ఇ. పాల్ టోరన్స్ ప్రచురించిన పరీక్షలలో సమాధానముల సంఖ్యను బట్టి ధారాళతయు, వాని రకములను బట్టి వైవిధ్యమును, అరుదుతనమును బట్టి అపూర్వతయు, వివరములను బట్టి విస్తరణమును లెక్కింపబడెను.

చిక్కంతయు ఈ లెక్కలోనే యున్నది. ఎక్కువ సమాధానములు చెప్పినవానికి అరుదైనవి తగులు అవకాశము కూడ ఎక్కువ. కావున అపూర్వతకు వేసిన మార్కులలో ధారాళత కూడ కలిసిపోవును. ఇరువదిమందిలో ఒక్కడే చెప్పిన మాట రెండువేలమందిలో సామాన్యము కావచ్చును. ఇటుక పొడితో ఇత్తడి పాత్రలు తోమవచ్చునని తెలుగింటి బాలిక చెప్పినచో, ఆమె ఇంట చూచినదానిని జ్ఞప్తికి తెచ్చుకొనినదే గాని నూతనముగా ఊహించినది కాదు. ఆ ఆచారమెరుగని దేశమున అదే మాట అపూర్వమని గణింపబడును. మరియు, ఆలోచన సాగినకొలది అరుదైన భావములు తరువాత తరువాత వచ్చునని గిల్ఫర్డ్ సహచరులే 1957లో చూపిరి. గడియారము త్వరపెట్టుచుండగా, నిదానముగా ఆలోచించు బాలుడు తన ఉత్తమభావము పుట్టకముందే పత్రము నప్పగించును.

అట్లని ప్రతిభను గుర్తించుటయే అసాధ్యమని తలపరాదు. అవధానసభలో పృచ్ఛకుడొక చిక్కు సమస్య నిచ్చును. అవధాని దానిని పూరించును. రసజ్ఞులు తల యూపుదురు. అచ్చట అంకెలు లేవు, నిర్ణయము మాత్రము కలదు. దీని రహస్యమును సుమారు వేయి సంవత్సరముల క్రిందటనే రాజశేఖరుడు కావ్యమీమాంసలో తెలిపెను. ప్రతిభ రెండు విధములు: కవియందు సృష్టించునది కారయిత్రి, భావుకునియందు గ్రహించునది భావయిత్రి. కొలుచువానియందును ప్రతిభ ఉండవలెనని దీని తాత్పర్యము.

శ్రీనివాస రామానుజన్ జీవితము దీనికి నిదర్శనము. గణితేతర విషయములలో వెనుకబడి ఆయన విద్యార్థివేతనమును కోల్పోయెను; ఎఫ్.ఏ. పరీక్షలో ఉత్తీర్ణుడు కాలేదు. 1913లో కేంబ్రిడ్జిలోని జి. హెచ్. హార్డీకి తన సిద్ధాంతములను వ్రాసి పంపెను. వానిలో కొన్ని హార్డీ ఎరిగినవే. కొన్ని శ్రమించి నిరూపింపదగినవి. మరికొన్ని ఆయన మునుపెన్నడును చూడనివి. మార్కులలో కానరాని శక్తి భావుకుని కంటికి కానవచ్చెను. 1982లో టెరెసా అమాబిలే ప్రతిపాదించిన పద్ధతియు ఈ తత్త్వమునకు దగ్గరగ నున్నది. ఆ రంగమున ఆరితేరినవారు ఒకరితో నొకరు సంప్రదింపక కృతులను పరిశీలింతురు. వారి తీర్పులు కలిసినచో దానిని ప్రమాణముగా గైకొందురు. కాని రసజ్ఞులందరు కలిసి పొరబడుటయు కలదు. కాలమే సరిదిద్దిన తీర్పులు సాహిత్యచరిత్రలో పెక్కు గలవు.

నేడు ఈ కొలత దేశముల పోలికవరకు విస్తరించినది. 2022లో పీసా పరీక్షలో భాగముగా 64 దేశముల, ప్రాంతముల యందలి పదునైదేండ్ల విద్యార్థుల సృజనాత్మక ఆలోచనను పరీక్షించిరి. ఇట్టి పరీక్షలు వ్యర్థములు కావు. పాఠము నొప్పజెప్పలేక వెనుక వరుసలో కూర్చుండిన బాలునియందును ఒక వెలుగు కలదని అవి ఉపాధ్యాయునకు తెలుపవచ్చును. అంకెను శోధనకు సాధనముగా గాక, బాలుని నుదుటి వ్రాతగా భావించుటయే దోషము. తక్కువ మార్కు వచ్చిన బాలుడు తనయందు సృజనశక్తియే లేదని నమ్మినచో, ఆ నమ్మకమే వానిలోని ఊటను పూడ్చివేయును. తమ కృతిని ఇతరులు తూచనున్నారను ఎరుక సైతము సృజనను కుంటుపరచవచ్చునని అమాబిలే 1979లోనే ప్రయోగపూర్వకముగా చూపెను. ఫలాపేక్ష బరువెక్కిన చోట మనస్సు క్రొత్త త్రోవ త్రొక్కుటకు జంకును.

కుంచములో పడినది ధాన్యమే గాని, దానిని పండించిన నేల కాదు. పరీక్షాపత్రమున కొలువబడినది ఆనాటి సమాధానము. దాని నిచ్చిన మనస్సు ఇంకను పండవలసియున్నది. ఈ వివేకము గల ఉపాధ్యాయుడు మార్కు వేయుటకు వెరవడు; వేసిన పిమ్మట బాలునివంక మరల చూచుటను మానడు.