ఆయనతో మాట మానకు

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. నాన్న పోయాక దేవుడి గూటి ముందు నిలబడలేకపోతున్నాననీ, దీపం పెట్టబోతే చెయ్యి రావడం లేదనీ రాశావు. ఆస్పత్రి వరండాలో ఆ ఇనప కుర్చీల మీద హనుమాన్ చాలీసా పట్టుకుని నువ్వు రాత్రిళ్ళు ఎలా గడిపావో నేను కళ్ళారా చూశాను. అంతగా మొక్కిన పిల్లకు కోపం రాకుండా ఎలా ఉంటుంది? పరామర్శకు వచ్చినవాళ్ళు "అంతా కర్మ", "మంచివాళ్ళనే ముందు తీసుకుపోతాడు" అంటుంటే ఒళ్ళు మండిందన్నావు. నాకూ మండింది. భాగవతంలో కుంతి తనకు ఎప్పుడూ ఆపదలే ఇమ్మని కృష్ణుణ్ణి అడుగుతుంది, ఆపదలోనైతే ఆయన దర్శనం దొరుకుతుందని. ఎంత పెద్ద మాట! కానీ ఆ మాట కుంతి అనాలి. ఇంటి పెద్దను పోగొట్టుకున్నవాళ్ళ గుమ్మంలో నిలబడి పక్కింటివాళ్ళు అనకూడదు.

మీ నాన్న ఎందుకు పోయాడో నేను చెప్పలేను. నా వెనక పుట్టినవాడు, నేను ఎత్తుకుని తిప్పినవాడు. వాడు పోయి నేను మిగలడం ఏ లెక్కకూ అందదు. అయినా పొద్దుగూకేసరికి దీపం పెడుతూనే ఉన్నాను. ఎందుకు పెడుతున్నానో నీకు చెప్పాలని ఈ ఉత్తరం.

మన ఖమ్మం వైపు వాళ్ళకు రామదాసు ఇంటి మనిషి. ఆయనే నేలకొండపల్లి కంచర్ల గోపన్న, గోల్కొండ సుల్తాను తానీషా కొలువులోని అక్కన్న మాదన్నల మేనల్లుడు, పాల్వంచ పరగణా తహసీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాద్రి రాముడికి గుడి కట్టించాడని గోల్కొండలో ఖైదు చేశారు. 12 ఏళ్ళంటారు. రామలక్ష్మణులు మారువేషంలో వచ్చి తానీషాకు 6 లక్షల మొహరీలు చెల్లించి విడిపించారని చిన్నప్పుడు నీకు చెప్పింది నేనే. మనవాళ్ళు ఆ కథ చెబుతూ గబగబా మొహరీల దగ్గరికి వచ్చేస్తారు. ఈ వయసులో నా మనసు మాత్రం ఆ 12 ఏళ్ళ దగ్గరే ఆగిపోతోంది. లోపల ఉన్న మనిషికి కథ ఎలా ముగుస్తుందో తెలియదు కదా! రేపు తలుపు తెరుస్తారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కొరడా దెబ్బలు మాత్రం నిజం.

అప్పుడు ఆయన ఏం చేశాడు? రాముడితో పోట్లాట పెట్టుకున్నాడు. తమ్ముళ్ళకు ఏ నగ చేయించానో, సీతమ్మకు చేయించిన చింతాకు పతకానికి ఎంత పట్టిందో పద్దులు విప్పి మరీ చదివాడు. ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని దేవుణ్ణి నిలదీశాడు. ఆ నోటితోనే, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, మనసులో పెట్టుకోకు అని బతిమాలాడు. రాముడు పలకకపోతే సీతమ్మను పట్టుకున్నాడు, నువ్వయినా ఒక మాట చెప్పవమ్మా అని. భక్తుడంటే నోరు మూసుకుని భరించేవాడని ఎవరైనా నీకు చెబితే నమ్మకు. ఇంట్లో అలిగిన పిల్ల అరుస్తున్నంతసేపూ తల్లికి భయం లేదు, తలుపేసుకుని మాట మానేస్తేనే భయం. నీకు కోపముంటే దీపం ముందు కూర్చునే తిట్టు. నీకంటే ముందు మన తెలుగువాళ్ళ దేవుడు చాలా తిట్లు తిన్నాడు, వాటిని మూడు వందల ఏళ్ళుగా భజనల్లో పాడించుకుంటున్నాడు.

ఒకసారి గోల్కొండకు వెళ్ళిరా. హైదరాబాదులో ఉంటూ చూడలేదంటే బాగుండదు. కోట పైనున్న బాలా హిస్సారుకు ఎక్కే దారిలో వస్తుంది ఆ బందీఖానా. ఎత్తయిన మందపాటి గోడలు, పైనుంచి సన్నగా దిగే వెలుతురు. ఆ గోడ మీద రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడి రూపాలు ఉన్నాయి, రామదాసే చెక్కుకున్నాడంటారు. శిల్పుల పనితనం వెతకొద్దు. చీకట్లో కూర్చున్న మనిషి తనకు మాట్లాడ్డానికి ఎదురుగా ఒకరు ఉండాలని చేసుకున్న రూపాలు అవి.

అక్కడే ఇంకొకరిని కూడా తలుచుకో. రామదాసును ఖైదులో ఉంచిన తానీషా. 1687లో ఔరంగజేబు సైన్యం నెలల తరబడి ముట్టడించాక, లోపలివాడే ద్రోహం చేసి తలుపు తీస్తే, గోల్కొండ పడిపోయింది. పట్టుకోవడానికి మొగలు సర్దారులు వస్తే ఆ సుల్తాను నిబ్బరంగా కూర్చుని భోజనం తెప్పించుకున్నాడట. ఈ వేళ తిండి ఎలా సహిస్తోందని వాళ్ళు విస్తుపోతే, పేదరికమైనా రాజ్యమైనా ఇచ్చింది ఆ పైవాడే అన్నట్టు జవాబిచ్చాడని ఆ కాలపు చరిత్రకారుడు ఖాఫీఖాన్ రాశాడు. గద్దె ఎక్కకముందు సూఫీ గురువు షా రాజు దగ్గర శిష్యరికం చేసినవాడు మరి. మిగిలిన బతుకంతా దౌలతాబాదు కోటలో ఖైదీగానే గడిపాడు, ఆయన కోసం ఎవరూ మొహరీలు తేలేదు. ఒకరు అరిచారు, ఒకరు నిబ్బరంగా అన్నం తిన్నారు. నీకు ఏది చేతనైతే అది చెయ్యి, రెండిట్లో ఏదీ తక్కువది కాదు.

గుడికి వెళ్ళాలనిపించడం లేదన్నావు. వెళ్ళకు. మన ఇళ్ళల్లో ఏటిసూతకం తీరేదాకా పండగలు చెయ్యం, గుడి మెట్లు ఎక్కం. మైల అంటారు, నాకు మాత్రం పెద్దవాళ్ళ దయ అనిపిస్తుంది. దుఃఖంలో ఉన్నవాళ్ళు దేవుడి పెళ్ళికి నవ్వుతూ రావాలని వాళ్ళు పట్టుబట్టలేదు, ఏడాది సెలవిచ్చారు. మాసికాలకు మాత్రం సెలవు లేదు. నెలకోసారి పొయ్యి వెలిగించాలి, నలుగురిని పిలిచి అన్నం పెట్టాలి, మీ నాన్న పేరు పైకి పలకాలి.

మున్నేరు ఒడ్డున పదో రోజు గుర్తుందా? పిండం పెట్టి ఎంతసేపు చూసినా కాకి తుమ్మకొమ్మ దిగి రాలేదు. ఏం కోరిక మిగిలిపోయిందో అన్నారెవరో. అప్పటిదాకా నోరు విప్పని మీ అమ్మ ముందుకొచ్చి, "పిల్ల చదువు ఆపను" అంది. ఆ వెనకే నేను, "ఫీజు సంగతి నాది" అన్నాను. కాకి దిగింది. కాకికి మన మాట తెలిసిందా లేదా అని నేను ఎవరితోనూ వాదించను. మీ అమ్మా నేనూ ఆ మాట నలుగురు వినేలా ఏటి ఒడ్డున అన్నాం, ఇక వెనక్కి తీసుకోలేం. విశ్వాసం నాకు పనికొచ్చేది ఇలాగే. ఏడ్చే మనిషిని ఒంటరిగా వదలకుండా చుట్టూ ఉన్నవాళ్ళ మెడలో బాధ్యత వేస్తుంది.

కాబట్టి ఫీజు కట్టే తేదీ నాకు రాసి పంపు, మొహమాటపడకు. వచ్చే మాసికానికి మీ అమ్మను ఒక్కదాన్నే బస్సెక్కించకుండా నువ్వూ వెంట రా. నాన్నకు ఇష్టమని దోసకాయ పప్పు, గోంగూర అనుకుంటున్నాం. నీకు ఇంకేమైనా గుర్తుంటే ముందే చెప్పు, పిన్ని చేయిస్తుంది.

ఇట్లు,
మీ పెదనాన్న